సీతారావమ్మ గుండె ఆగినప్పుడల్లా

గుండె ఆగిన మనిషి కాసేపటికి కళ్ళు తెరిచి, పమిట సర్దుకుని, "నేను వెళ్ళి ఎంతసేపైందమ్మా?" అని అడిగితే డాక్టరు ఏం చెప్పాలి? ఈ ప్రశ్న నాకు ఏ పరీక్షలోనూ రాలేదు. జగ్గయ్యపేటలో ఒక కిరాణా హోల్‌సేల్ వ్యాపారి తల్లి అడిగింది.

నేను గుండె స్పెషలిస్టును కాను. మామూలు ఫిజీషియన్ని. మొదట పేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో, తర్వాత నందిగామలో సొంత క్లినిక్‌లో పనిచేసి రిటైరయ్యాను. పెద్ద డాక్టర్లు, పెద్ద మిషన్లు విజయవాడలో ఉంటాయి. ఈ మెట్ట ఊళ్ళలో గుండె మీద మొదట పడే చెయ్యి మాలాంటివాళ్ళదే. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి నా డిగ్రీలూ సన్మానాలూ ఎందుకూ పనికిరావు. ఈ ఒక్క కేసు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

పోతానంటే నమ్మండి

మావైపు గుండెనొప్పి అని చెప్పుకుంటూ వచ్చేవాళ్ళు తక్కువ. "గ్యాస్ పట్టేసిందండి" అంటూ వస్తారు. వత్సవాయి పత్తి చేలో మందు కొడుతూ కూలబడ్డ మనిషికి ముందు సోడా తాగిస్తారు, తర్వాత వీపు రుద్దుతారు, అప్పటికీ తగ్గకపోతే ఆటో ఎక్కిస్తారు. ఈలోపు గుండెకు రక్తం అందక కొంత కండ చచ్చిపోతుంది. బీపీ సంగతి ఇంకా అన్యాయం. తలనొప్పి తగ్గగానే మాత్ర మానేసి "బానే ఉన్నాగా" అంటారు. బీపీ చప్పుడు చెయ్యదు, నొప్పి పెట్టదు. ఇంట్లో ఒక మూల కూర్చుని ఉన్నట్టే తెలియదు. ఒకరోజు పొద్దున మూతి వంకరపోయాక తెలుస్తుంది.

వీరులపాడు నుంచి ఒక రైతు తన బండి తనే నడుపుకుంటూ వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట జతగా విప్పి, నా ఎదురుగా కూర్చుని, "నేను పోతున్నానమ్మా. ఇంట్లో పోతే పిల్లలు భయపడతారని ఇక్కడికొచ్చా" అన్నాడు. గొంతులో తొందర లేదు. నొప్పి లేదన్నాడు. నుదుటి మీద కొద్దిగా చెమట, అంతే. ఈసీజీ తీస్తే బాగానే ఉంది. ధైర్యం చెప్పి పంపెయ్యబోతుంటే, నర్సింగ్ హోమ్ యజమాని, మా పెద్ద డాక్టరు రామశేషయ్య గారు తలుపు దగ్గర ఆగారు.

"పోతానన్న మనిషితో వాదించకమ్మాయ్. కాసేపాగి ఇంకోటి తియ్యి."

రెండోది కూడా బాగానే ఉంది. మూడోది తీసేసరికి గీత లేచింది. గుండెపోటు మా కళ్ళెదుటే మొదలవుతోంది. ఆస్పిరిన్ నమిలించి, రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, విజయవాడ పంపించాం. బతికాడు.

మిషన్‌కి తెలియకముందే అతనికి ఎలా తెలిసింది? పుస్తకాల్లో దీన్ని ఒక లక్షణంగా రాస్తారు, చావు దగ్గరకొచ్చిందన్న నమ్మకం అని. పేరు పెట్టినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. నేను చాలామందిలో ఆ చూపు చూశాను. మన వెనక ఎవరో నిలబడితే వాళ్ళని చూస్తున్నట్టుంటుంది. మొదట్లో నేను నిజంగానే వెనక్కి తిరిగి చూసేదాన్ని.

ఫిట్స్ మాత్రలు

సీతారావమ్మ గారు అప్పటికే చాలాకాలంగా రామశేషయ్య గారి పేషెంటు. అరవై దాటిన మనిషి, భర్త లేరు. కొడుకు వ్యాపారం చూసుకునేవాడు, కోడలు పద్మ ఇల్లు చూసుకునేది. ఆవిడ ఉన్నట్టుండి పడిపోయేది. కాళ్ళూ చేతులూ ఒకటి రెండుసార్లు కొట్టుకునేవి. మొదటిసారి తీసిన ఈసీజీ బాగుందని, రామశేషయ్య గారు మూర్ఛ అనుకుని ఫిట్స్ మాత్రలు రాశారు. మాత్రలు వేసుకున్నా పడిపోవడం తగ్గలేదు. మోతాదు పెంచారు.

ఆయన ఊళ్ళో లేని ఒకరోజు పద్మ అత్తగారిని నా గదికి తీసుకొచ్చింది. నేను ఆవిడని వదిలేసి పద్మని అడిగాను, పడిపోయినప్పుడు ఎలా ఉంటారో చెప్పమని. పడినవాళ్ళకి ఏమీ తెలియదు. చూసినవాళ్ళని అడగాలి.

"ముందు ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోద్దండి," అంది పద్మ. "ఊపిరి ఉన్నట్టే ఉండదు. మేం ఏడుపు మొదలెట్టేలోపు ముఖం కుంకం పూసినట్టు ఎర్రబడి లేచి కూర్చుంటారు. లేవగానే మామూలుగా మాట్లాడతారు. కాఫీ ఇవ్వమంటారు. మా ఆయన ఆ ఎరుపు చూసి అమ్మవారి కళ అంటన్నారు. అగరొత్తులు కూడా వెలిగిస్తన్నారండి."

ఫిట్స్ వచ్చిన మనిషి లేచాక చాలాసేపు మత్తులో ఉంటాడు. ఎక్కడున్నాడో తెలియదు. నాలుక కొరుక్కుంటాడు. లేవగానే తేటగా మాట్లాడే మనిషిది మూర్ఛ కాకపోవచ్చు. ముఖం తెల్లబడి ఎర్రబడటం ఇంకా పెద్ద గుర్తు. రక్తం ఆగి, ఒక్కసారిగా తిరిగి వస్తే అలా అవుతుంది.

చెయ్యి పట్టుకుని నాడి చూశాను. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకో దెబ్బ. గోడ గడియారం ఆవిడ కంటే తొందరగా నడుస్తోంది. మెడలో ఒక నరం మధ్యమధ్యలో ఉలిక్కిపడ్డట్టు ఎగిరిపడుతోంది. సీతారావమ్మ గారు నన్ను కాకుండా నా భుజం మీదుగా కిటికీ వైపు చూస్తూ, "ఇవాళ రాదులే" అంది.

"ఎవరండీ?"

"ఎవరూ లేరమ్మా. మీ పని కానివ్వండి."

పై గదులు, కింది గదులు

బల్ల మీద పడుకోబెట్టి ఈసీజీ తీగలు తగిలించాను. మధ్యాహ్నం. బయట వరండాలో జనం మాటలు వినబడుతున్నాయి. కాగితం మెల్లగా బయటికి వస్తోంది. ఉన్నట్టుండి ఆ కాగితం మీద పెద్ద గీతలు రావడం మానేశాయి.

గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉంటాయి. పై గదిలో పుట్టిన పిలుపు ఒక సన్నటి దారి వెంట కిందికి వెళ్తుంది. అది విని కింది గదులు ముడుచుకుని ఒళ్ళంతటికీ రక్తం పంపుతాయి. వయసు మీరాక కొందరికి ఆ దారి ఎండిపోతుంది. పైన పిలుస్తూనే ఉంటారు. కింద పలకరు. పలక్కపోతే కింది గదులు తమకి తోచినప్పుడు ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటాయి. అదీ మానేస్తే మనిషి పడిపోతాడు. ఈ అడ్డు వస్తూ పోతూ ఉంటుంది. అందుకే ఆవిడ మొదటి ఈసీజీ బాగుంది. ఈసీజీ బాగుందంటే ఆ కాసేపు బాగుందని మాత్రమే అర్థం.

ఆరోజు నేను చూసింది అదే. కాగితం మీద చిన్నచిన్న మిట్టలు వరసగా వెళ్తున్నాయి. అవి పై గదుల పిలుపులు. ఒకటి తర్వాత ఒకటి, తప్పకుండా, వేళకి. వాటి వెనక రావాల్సిన కింది గదుల పెద్ద గీతలు లేవు. అంతకంటే ఒంటరి గీత నేను చూడలేదు.

సీతారావమ్మ గారి ముఖం తెల్లబడింది. కళ్ళు మూసుకోలేదు. కిటికీ వైపే తెరుచుకుని ఉన్నాయి, కానీ ఆ కళ్ళలో ఆవిడ లేదు. ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కబోతుండగా కాగితం మీద ఒక పెద్ద గీత లేచింది. తర్వాత ఇంకొకటి. బుగ్గలు ఎర్రబడ్డాయి. పెదాలు నవ్వుకి దగ్గరగా కదిలాయి.

అప్పుడడిగింది, వెళ్ళి ఎంతసేపైందని.

"ఎక్కడికి వెళ్ళారు?" అన్నాను. అలా అడక్కూడదని తెలుసు. నోటికొచ్చేసింది.

"ఎక్కడికీ వెళ్ళనమ్మా. నా గదిలోనే ఉంటా. అదే వస్తది."

మర్నాడు రామశేషయ్య గారు ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు. కండువా తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని, నడిచి వాళ్ళింటికి వెళ్ళారు. కొడుకుని, కోడల్ని పిలిచి, నిలబడే చెప్పారు.

"ఇన్నాళ్ళూ నేనిచ్చింది తప్పు మందమ్మా. ఇది ఫిట్స్ కాదు, గుండె. పేస్‌మేకర్ పెట్టాలి. ఆలస్యం చేస్తే ఏదో ఒకసారి ఇంక లేవదు."

అంత పేరున్న డాక్టరు అలా చెప్పడం నేను మళ్ళీ చూడలేదు. ఊళ్ళో ఆయన పరువు దానివల్ల తగ్గలేదు. ఒకవేళ తగ్గినా ఆయన లెక్కచేసేవారు కాదు. చేసిన తప్పుని మందు మార్చేసి చల్లగా కప్పేసే డాక్టర్లని నేను చాలామందిని చూశాను. వాళ్ళ దగ్గర చికిత్సలు నేర్చుకోవచ్చు. వైద్యం నేర్చుకోవడానికి మాత్రం రామశేషయ్య గారిలాంటివాళ్ళే కావాలి.

కొడుకు సరేనన్నాడు. సీతారావమ్మ గారు వద్దంది.

ఎదురు కొట్టు మెట్లు

ఒప్పించమని పద్మ నన్ను ఆవిడ గదిలోకి పంపింది. వీధి వైపు గది. మంచానికెదురుగా కిటికీ, కిటికీలోంచి వీధి అవతల మూతపడ్డ కొట్టు, దాని మెట్లు కనిపిస్తాయి.

"మా వాసంతి అక్కడ కూర్చునేది మొదట్లో," అంది ఆవిడ మెట్లకేసి చూపించి.

వాసంతి ఆవిడ కూతురు. కోదాడలో ఇచ్చారు. కడుపుతో పుట్టింటికి వచ్చి ఈ ఇంట్లోనే పోయింది. పోయి చాలా ఏళ్ళు. ఎలా పోయిందని అడిగితే, "ఆయాసమొచ్చి పోయింది" అని ఊరుకుంది.

"మొదటిసారి పడిపోయినప్పుడు ఆ మెట్ల మీద కనపడిందమ్మా. నాకేసి చూస్తా ఉంది. కడుపు అట్లాగే ఉంది. ఆ తర్వాత పడ్డప్పుడు వీధి దాటి వచ్చింది. మన అరుగు మీద కూర్చుంది. ఇప్పుడు ఈ తలుపు అవతలికి వచ్చేసింది. నోరు కదులుతా ఉంటది. ఏదో చెప్తది. మాట వినపడదు."

గదిలో ఎండ ఉంది. వీధిలో గ్యాస్ బండలు దించుతున్న చప్పుడు. నాకు మాత్రం ఇంకో లెక్క తెలుస్తోంది. పడిపోయినప్పుడు ఆవిడ తిరిగి రావడానికి పట్టే సమయం మొదటికంటే పెరుగుతోందని పద్మ అప్పటికే చెప్పింది. గుండె ఎంత ఎక్కువసేపు ఆగుతుంటే వాసంతి అంత దగ్గరగా వస్తోంది.

ఆ మాటే ఆవిడతో అన్నాను. దాచడం నాకు చేతకాలేదు. "వాసంతి దగ్గరికొస్తోందంటే మీ గుండె ఎక్కువసేపు ఆగుతోందని అర్థమండీ. తలుపు తీసిందంటే మీరు మాకు దొరకరు."

"తెలుసు," అంది సీతారావమ్మ గారు శాంతంగా. "నేను పోవాలని కాదమ్మా. చావంటే నాకూ భయమే. అది చెప్పే మాట వినేదాకా ఆగండి. విన్నాక మీ ఇష్టం. మీ మిషన్ పెడితే అది ఇంక రాదు కదా?"

మెదడుకి రక్తం తగ్గితే ఇలాంటివి కనిపిస్తాయని నాకు తెలుసు. అది ఆవిడకి చెప్పలేదు. కొత్త డాక్టర్లకి ఇది చెప్పాలి: పేషెంటు చూసింది నిజమా కాదా తేల్చడం మన పని కాదు. కారణం తెలిసినంత మాత్రాన ఆవిడ చేతిలోంచి కూతుర్ని లాక్కునే హక్కు మనకి రాదు. మన పని ఆ గుండెని నడిపించడం. దానికి ఒప్పుకోమని బతిమాలడం తప్ప ఆరోజు నేనేమీ చెయ్యలేకపోయాను. ఆవిడ ఒప్పుకోలేదు.

చెవిటికల్లు నుంచి వచ్చినావిడ

అమ్మవారి కళ సంగతి కొడుకు నోటి నుంచి బజార్లోకి వెళ్ళింది. పోయినవాళ్ళని చూసొస్తోందట అని జనం చెప్పుకోవడం మొదలుపెట్టారు. పద్మకి ఇదంతా అసహ్యం. వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేసేది. చెవిటికల్లు నుంచి వచ్చిన ఒకావిడని మాత్రం పంపలేకపోయింది. కృష్ణలో ఈతకి దిగి పోయిన కొడుకు ఫోటో కొంగులో పెట్టుకుని వచ్చిందావిడ. ఆ సమయానికి నేను సీతారావమ్మ గారి నాడి చూడ్డానికి వెళ్ళి ఉన్నాను.

ఆవిడ ఏడవలేదు. మంచం పక్కన కింద కూర్చుని ఫోటో చూపించింది.

"వీడు కనపడ్డాడా అమ్మా అక్కడ?"

సీతారావమ్మ గారు ఫోటో తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"కనపడ్డాడు," అంది. "బాగున్నాడు."

"ఒళ్ళు తడిగా ఉందా?"

"లేదమ్మా. ఆరిపోయింది. పొడి బట్టలు కట్టుకున్నాడు."

ఆవిడ ఫోటో కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది. ఆవిడ మెట్లు దిగే చప్పుడు ఆగాక సీతారావమ్మ గారు నావైపు తిరిగింది.

"ఆ పిల్లాడ్ని నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. ఒట్టి అబద్ధం. ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి." కిటికీ వైపు చూసి అంది. "ఆవిడ కోసం నేను అట్లా చెప్పినట్టే, నా కోసం నా తలకాయి కూడా వాసంతిని తెచ్చి చూపిస్తా ఉందేమో కదా?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెట్టాను.

"రేపు తీసుకెళ్ళండి," అంది.

హైవే మీద

పొద్దున్నే అంబులెన్స్‌లో విజయవాడ బయల్దేరాం. గుండెని తొందరపెట్టే మందు డ్రిప్‌లో ఎక్కుతోంది. తలవైపు నేను, కాళ్ళవైపు పద్మ. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాం. నందిగామ దాటేదాకా ఆవిడ మాతో మాట్లాడుతూనే ఉంది, కొట్లో చింతపండు కొత్త సరుకు దించుకోవాలని కొడుక్కి చెప్పమంది. మాట మధ్యలో ఆగిపోయింది.

మానిటర్ మీద మళ్ళీ ఆ చిన్న మిట్టలు. పై గదుల పిలుపులు మాత్రమే. ఈసారి నేను ఎదురుచూడలేదు. ఛాతీ మీద చేతులు వేసి నొక్కడం మొదలుపెట్టాను. వ్యాను ఊగుతోంది. పద్మ అత్తగారి పాదాలు రెండూ గట్టిగా పట్టుకుని, "అత్తయ్యా, ఇటు చూడండి. ఇటు," అంటోంది. నొక్కుతూ నొక్కుతూ నేను కూడా ఎందుకో వ్యాను వెనక తలుపు వైపు చూశాను. ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. ఆ తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో అన్న ఆలోచన తప్ప ఇంకోటి రాలేదు నాకు.

గీత తిరిగొచ్చింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. సీతారావమ్మ గారు నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది.

"తలుపు కొట్టింది," అంది. "ఎప్పుడూ కొట్టలేదు. ఇవాళ గట్టిగా, వరసపెట్టి కొట్టింది."

అది నా చేతుల దెబ్బలే అయి ఉంటుంది. ఛాతీ మీద ఒకే లయలో నొక్కుతుంటే ఆ చప్పుడు లోపలికి అలా వినిపించి ఉంటుంది. నాకు నేను చెప్పుకున్న సమాధానం అదే. అప్పట్నించి ఎవరి ఛాతీ నొక్కాల్సి వచ్చినా, లోపల ఉన్నవాళ్ళకి ఎవరు కొడుతున్నట్టు వినిపిస్తోందో అన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు.

విజయవాడలో ముందు తాత్కాలికంగా తీగ వేశారు. తర్వాత కాలర్ ఎముక కింద అగ్గిపెట్టెంత పేస్‌మేకర్ పెట్టారు. పై గదులు పిలిచినప్పుడు కింది గదులకి ఆ పిలుపు అందించడం దాని పని. అందించింది. ఆవిడ మళ్ళీ పడిపోలేదు.

తర్వాత నేను వాళ్ళింటికి వెళ్ళి చూస్తే, ఆవిడ మంచం మీద కూర్చుని కిటికీలోంచి ఎదురు కొట్టు మెట్లు చూస్తోంది.

"ఇల్లు ఖాళీ అయిపోయిందమ్మా," అంది.

కూర్చుని నిద్రపోయే పిల్ల

ఆ తర్వాత నేను నందిగామ మారిపోయాను. ఒకరోజు సీతారావమ్మ గారు ఒక గర్భిణిని వెంటబెట్టుకుని నా క్లినిక్‌కి వచ్చింది. ఆ అమ్మాయి పేరు శైలజ. స్కూల్లో టీచరు, సీతారావమ్మ గారి ఇంటి మేడ మీద అద్దెకుంటోంది. ఆరో నెల.

"నాకేం లేదండి, బామ్మగారే గోల చేసి తీసుకొచ్చారు," అంది శైలజ నవ్వుతూ. రెండు మాటలకి ఒకసారి ఊపిరి తీసుకుంటోంది. "కడుపుతో ఉంటే ఆయాసం ఉంటదన్నారు మా అమ్మ."

"ఇది గోడకానుకుని కూర్చుని నిద్రపోతోందమ్మా," అంది సీతారావమ్మ గారు. "పడుకోలేకపోతోంది. గుండె వినండి."

విన్నాను. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి విన్నాను. దూరంగా బండి చక్రం దొర్లినట్టు సన్నటి చప్పుడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం గుండె వాల్వ్‌ని అతికించేసి వెళ్తుంది. ఏళ్ళ తరబడి మనిషికి ఏమీ తెలియదు. కడుపులో బిడ్డ పెరిగి రక్తం ఎక్కువయ్యాక, ఆ సన్నటి సందులోంచి రక్తం దాటలేక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. పడుకుంటే మునిగిపోతున్నట్టుంటుంది. అందుకే కూర్చుంటారు. గర్భిణికి ఆయాసం మామూలే అని కొట్టిపారెయ్యకండి. పడుకుంటే ఎక్కువవుతోందా అని అడగండి. స్టెత్ పెట్టి వినండి. ఈ ఒక్కటి చేస్తే చాలు, కొన్ని ఇళ్ళు నిలబడతాయి.

శైలజని వెంటనే విజయవాడ పంపాను. బెలూన్‌తో వాల్వ్ తెరిచారు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది.

క్లినిక్‌కి వచ్చిన రోజే, శైలజ గుండె స్కానింగ్ చీటీ తీసుకోవడానికి బయటికి వెళ్ళినప్పుడు సీతారావమ్మ గారు నా ఎదుట కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

"మా వాసంతి కూడా ఇట్లాగే గోడకానుకుని కూర్చునేదమ్మా. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక, కడుపుతో ఉన్నదానివి నడుం వాల్చవే అని నేనే పట్టుకుని పడుకోబెట్టా. 'వద్దమ్మా, కూర్చోబెట్టు' అంది. ఊరుకో, కాసేపు కళ్ళు మూసుకో అన్నా. భుజాలు పట్టుకుని ఉన్నా. మళ్ళీ లేవలేదు." ఒళ్ళో చేతులకేసి చూసుకుంది. "తలుపు అవతల నించుని నోరు కదిపేది కదా. ఈ పిల్లని చూశాకగానీ తెలీలేదు, ఏమంటోందో. వినపడక కాదు. నేనే విన్లేదు."

వాసంతి గుండెని ఎవరూ వినలేదు. ఆ తప్పు తల్లిది కాదు, డాక్టర్లది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి అదే మాట చెప్పాను. ఎంతవరకు నమ్మిందో తెలియదు.

బ్యాటరీ

పేస్‌మేకర్ బ్యాటరీ కొన్నేళ్ళు వస్తుంది. తర్వాత మార్చాలి. నేను రిటైరయ్యాక ఒకరోజు పద్మ ఫోన్ చేసింది, బ్యాటరీ తగ్గిందంటున్నారు, అత్తయ్యగారు మీతో మాట్లాడాలంటున్నారు అని. పేట వెళ్ళాను. సీతారావమ్మ గారు బాగా పెద్దదైపోయింది. చూపు మాత్రం తేటగా ఉంది.

"పాతది తీసి కొత్తది పెట్టేటప్పుడు ఒక క్షణం ఆగుద్దంట కదా డాక్టరమ్మా?"

ఆవిడ ఎందుకు అడుగుతోందో నాకు అర్థమైంది. ఇన్నేళ్ళూ దీనికోసం ఎదురుచూసిందని కూడా అర్థమైంది.

"ఆగనివ్వరండీ. జాగ్రత్తలు తీసుకుంటారు."

"ఆగితే?"

"ఒక్క క్షణమే. వెంటనే అందిస్తారు."

"ఒక్క క్షణం చాలు," అంది.

మార్చారు. తీగ ఒక దాన్నుంచి తీసి ఇంకోదానికి బిగించేటప్పుడు కొద్దిసేపు కింది గదులు పలకలేదని, ఆవిడ కళ్ళు తేలేసిందని, వెంటనే సర్దుకుందని ఆపరేషన్ చేసిన డాక్టరు నాతో ఫోన్‌లో అన్నాడు. వాళ్ళకి అది రోజూ జరిగేదే.

ఇంటికి వచ్చాక చూడ్డానికి వెళ్ళాను. పట్టపగలు. కిటికీ తెరిచి ఉంది. ఆవిడ మంచం మీద గోడ వైపు సగం వదిలేసి, ఈ అంచున ఒత్తిగిలి పడుకుని ఉంది. నన్ను చూసి కూర్చోమంది. తనే చెప్పింది.

"ఎవరూ లేరమ్మా. తలుపు బార్లా తీసుంది."

వెళ్ళిపోయిందనా, లోపలికి వచ్చేసిందనా అని అడగబోయి ఆగిపోయాను. నాడి చూశాను. వేళ్ళ కింద లయ తప్పకుండా కొట్టుకుంటోంది. పద్మ కాఫీ తెచ్చింది. మంచం మీద చోటుంది కదా, కాసేపు ఇక్కడే కూర్చుంటానని నేను గోడ వైపు ఖాళీగా ఉన్న సగం మీద చెయ్యి వేశాను.

"అక్కడొద్దమ్మా," అంది సీతారావమ్మ గారు, మెల్లగా, నిద్రపోయేవాళ్ళు లేస్తారేమో అన్నట్టు.

అప్పుడు చూశాను. ఆ ఖాళీ సగంలో రెండు తలగడలు గోడకి నిలువుగా ఆనించి ఉన్నాయి, పడుకోలేనివాళ్ళు కూర్చుని నిద్రపోవడానికి వీలుగా.